ఎనిమిదో పని

నిచ్చెనలు, గొట్టాలు, తాళాలు అమ్మే పెద్ద దుకాణం. మధ్యాహ్నం, గిరాకీ పలచబడిన వేళ. అమ్మే అతను, కొనడానికి వచ్చిన అతని వదిన.

"అది వద్దు వదినా. అది గోడలకి రంగులేసేవాళ్ళది. బస్సుకి పనికిరాదు."

"పనికొచ్చేదే చూపించమంటున్నా చిన్నోడా. అరగంట నుంచీ పనికిరానివే చూపిస్తున్నావు."

"అరగంటెక్కడ? నువ్వొచ్చి పది నిమిషాలు కాలేదు."

"ఆ పది నిమిషాల్లో నా మొహం ఒక్కసారైనా చూశావా? నిచ్చెనలతో మాట్లాడుతున్నావు, నాతో కాదు."

"అసలెందుకొచ్చావు? ఊళ్ళో ఇంకో దుకాణమే లేనట్టు."

"దుకాణాలు బోలెడున్నాయి. మరిదివి నువ్వొక్కడివే ఉన్నావు."

"ఆ మరిదితో మాట్లాడి పది నెలలైంది నువ్వు."

"పదకొండు. చూపించు."

"సరే. ఎక్కేదెవరు?"

"నేనే."

"నువ్వా? ఈ వయసులో బస్సు మీదికా?"

"ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని. బస్సు కింద దూరాను, ఇంజను మీద ఎక్కాను. పైకప్పు ఒక్కటే బాకీ. పైన సోలార్ పలక మీద దుమ్ము పేరుకుపోయింది, ఎండ పడుతున్నా బ్యాటరీ ఎక్కడం లేదు. కడగాలి."

"ఎవరినైనా పంపిస్తాను, కడిగిపెడతారు."

"ఈసారికి పంపిస్తావు. దారిలో దుమ్ము పడితే? అడివిలోకి కూడా పంపిస్తావా మనిషిని?"

"దారిలోనా? అమ్మేస్తున్నావని విన్నానే."

"మా అమ్మాయి అమ్మేయమంటోంది. ఒకాయన వచ్చి చూసిపోయాడు కూడా. లోపల మంచం, పొయ్యి, అలమరాలు చూసి మురిసిపోయాడు. ‘ఎవరు కట్టారండీ ఈ మోటార్‌హోమ్’ అన్నాడు. మీ అన్నయ్య ఉంటే నవ్వేవాడు. ‘మోటారూ లేదు, హోమూ లేదు, ఇల్లుబస్సు’ అనేవాడు కదా. సోమవారం ఆయనకి మాట చెప్పాలి. అమ్మేదీ అమ్మనిదీ నీ చేతిలో ఉంది."

"నా చేతిలో ఏముంది వదినా?"

"చెప్తాను. ముందు నిచ్చెన చూపించు. నిలబడి మాట్లాడితే మీ ఓనరు ఊరుకుంటాడా?"

"భోజనానికెళ్ళాడు. ఇదిగో, ఇది చూడు. గొట్టంలో గొట్టం దూరేది. మూసేస్తే రెండున్నర అడుగులు, మంచం కింద పడుకుంటుంది. లాగితే పదిన్నర."

"తేలిగ్గానే ఉంది."

"మూసేటప్పుడు చేతులు పక్కల్లో పట్టుకోవాలి. ఇలా మధ్యలో పెట్టావనుకో, వేళ్ళు నలిగిపోతాయి. ఇంకోటి, ఇసక పడితే మొరాయిస్తుంది."

"సముద్రం ఒడ్డునే కదా మొదటి మకాం. ఇసక పడకుండా ఎలా ఉంటుంది?"

"అయితే ఇది, ఒంటి నిచ్చెన. మడతా లేదు, లాకూ లేదు. తలకిందులైనా దీనికేమీ కాదు."

"పదడుగులది లోపల ఎక్కడ పెట్టను, నా నెత్తినా?"

"బయట, బస్సు పక్కన పట్టీలేసి కట్టుకో."

"రాత్రికి రాత్రి ఎవడో విప్పుకుపోతాడు. పోనీ కింద కట్టనా? మొదటి వానకి బురద పట్టి, ఎక్కబోతే జర్రున జారుతుంది. పైన కట్టనా? పైన ఉన్న నిచ్చెన దింపడానికి ఇంకో నిచ్చెన కావాలి."

"అందుకే చెప్పేది, ఎక్కడ పెడతావో ముందు తేలాలి. నిచ్చెన కొనడం తర్వాతి మాట."

"తేలిపోయింది. పాత కొక్కేలకే పెడతాను. మంచం పక్కన, తలుపు దగ్గర, నువ్వు బిగించినవే."

"అవింకా ఉన్నాయా? పీకేయమన్నాను కదా!"

"పీకలేదు. కొక్కేలేం చేశాయి పాపం? వాటికి సరిపోయే మూడు మడతలది ఇవ్వు. అదిగో, ఆ మూల ఉంది."

"అది ఇవ్వను."

"ఎందుకని?"

"మడతది ఇవ్వను వదినా. నన్నడక్కు. ఈ దుకాణంలో చేరేటప్పుడే ఓనరుకి చెప్పాను, ఎవరొచ్చినా సరే మడత నిచ్చెన నేను అమ్మను, ఇంకొకళ్ళని పిలవమని."

"చిన్నోడా, ఇటు చూడు. ఆ రోజు అందరి ముందూ ‘నా మొగుణ్ణి చంపింది వీడి చేతిపనే’ అన్నాను. గుర్తుందా?"

"ఎలా మర్చిపోతాను?"

"నువ్వు తలొంచుకుని ‘అవును వదినా, నడిమి లాకు ఊడింది, తప్పు నాదే’ అన్నావు. సాయంత్రానికి నువ్వు చేసిన ఆ మడత నిచ్చెన ముక్కలు ముక్కలు కోసేశావు. నెల తిరక్కుండా వెల్డింగు షాపు మూసేశావు. నేను బాగా తిట్టుకున్నాను నిన్ను. తిట్టుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది."

"తిట్టు. నేను వద్దన్నానా?"

"ఇప్పుడు తిట్టలేకపోతున్నాను. అదే వచ్చింది చిక్కు."

"ఏమైంది?"

"మా ఎనిమిది పనులు తెలుసు కదా నీకు."

"తెలుసు. అన్నయ్య ఊరంతా చెప్పుకునేవాడు. ‘మా ఆవిడ వేళ్ళు లెక్కపెట్టకుండా బండి కదల్చదు’ అని."

"స్కూలు బస్సు అలవాటది. పిల్లలందరూ దిగారా, సీట్ల కింద ఎవడైనా నిద్రపోతున్నాడా, వెనక చక్రం దగ్గర ఎవరైనా ఉన్నారా, అన్నీ చూసుకుని గానీ తాళం తిప్పేదాన్ని కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క పసివాణ్ణి కూడా బస్సులో మర్చిపోలేదు నేను. ఇల్లుబస్సు వచ్చాక లెక్క మార్చాను. పొయ్యి కట్టెయ్యడం ఒకటి. నీళ్ళ మూత రెండు. కిటికీలు మూడు. అలమరా గడియలు నాలుగు. గిన్నెలు అయిదు. చక్రాల కింద దిమ్మలు ఆరు. వెనకా పక్కలా చూసుకోవడం ఏడు. నిచ్చెన లోపల కొక్కేలకి తగిలించి పట్టీ బిగించడం ఎనిమిది. ఎనిమిదీ అయ్యాకే సీట్లో కూర్చోవడం."

"వదినా, ఇదంతా ఇప్పుడెందుకు?"

"అడ్డు రాకు, చెప్పనీ. ప్రయాణం రోజు పొద్దున్న, మీ షాపు ముందు, మీ అన్నయ్య పలక తుడుస్తానని బస్సు పైకెక్కాడు. నేను గ్లాసులు పట్టుకుని మీ షాపు వెనక కొళాయి దగ్గరికెళ్ళాను. తిరిగొచ్చేసరికి నిచ్చెన బస్సుకి ఆనించి ఉంది, మనిషి లేడు. దిగిపోయి నీళ్ళ క్యానుతో నీ దగ్గరికే వచ్చాడనుకున్నాను. ‘ఎక్కడి నిచ్చెన అక్కడే వదిలేసి పోయాడు చూడు, ఎప్పుడూ ఇంతే’ అని గొణుక్కున్నాను. ఆ గొణుగుడు గుర్తుంది నాకు. పైన, నీళ్ళ ట్యాంకు అవతల, వంగి తుడుచుకుంటున్నాడని నాకేం తెలుసు? బస్సు కింద చూశాను, వెనక చూశాను. పైకి చూడలేదు."

"చాల్లే వదినా."

"వెళ్ళి సీట్లో కూర్చున్నాను. టైమైపోతోందని హారన్ కొట్టాను, రెండుసార్లు. నువ్వూ విన్నావు కదా?"

"విన్నాను."

"ఆ వెంటనే చప్పుడు."

"హారన్ కొడితే మనుషులు పడిపోతారా? నీ పిచ్చి గానీ."

"హారన్ గురించి కాదు నేననేది. నేను సీట్లో కూర్చున్నాను చిన్నోడా! ఎనిమిదీ కాకుండా ఎప్పుడైనా కూర్చున్నానా నేను?"

"అలవాటు ఒక్కరోజు తప్పదా వదినా?"

"కొక్కెం చల్లదనం చేతికి తెలుస్తోంది. పట్టీ ‘టక్’మనడం చెవిలో ఉంది. నిచ్చెన నేను లోపల పెట్టేశానేమో. ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కిన మనిషి ఆయన. దిగేటప్పుడు కిందికి చూసే అలవాటే లేదు, కాలే వెతుక్కునేది మెట్టుని. హారన్ విని గబగబా కాలు కింద పెట్టి ఉంటాడు. అక్కడ మెట్టు లేదేమో."

"నిచ్చెన బయటే ఉంది వదినా."

"మొదట వచ్చినవాడివి నువ్వే. నేను దూకి పరిగెత్తుకొచ్చినప్పుడు నాకాయన మొహం తప్ప ఇంకేమీ కనపడలేదు. బండి కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను. నలుగురితో తిరిగొచ్చేసరికి ఆయన పక్కన నిచ్చెన పడి ఉంది. అంతకుముందు? అంతకుముందు ఎక్కడుంది?"

"అక్కడే ఉంది. నేల మీదే. నడిమి లాకు ఊడి, మడత పడిపోయి."

"నా మొహం చూసి చెప్పు."

"నేల మీదే ఉంది వదినా. అందరూ చూశారు కదా."

"మరి నాకు పట్టీ బిగించినట్టు ఎందుకు గుర్తుంది?"

"అది ముందు రోజుది. సాయంత్రం మీరిద్దరూ ఎనిమిది పనులూ ఒకసారి చేసి చూసుకోలేదా? నేను అక్కడే నిలబడి నవ్వుకున్నాను. అన్నయ్య గడియారం పట్టుకుని ‘పదకొండు నిమిషాలు, పరీక్ష తప్పావు’ అన్నాడు. నువ్వు మళ్ళీ మొదట్నుంచీ చేశావు. రెండుసార్లు బిగించావు పట్టీ. ఆ గుర్తు ఇది."

"ముందు రోజుదా?"

"ముందు రోజుదే."

"అయితే ఆ పొద్దున్న నేను ఏడే చేశానంటావా?"

"ఏడే చేశావు. ప్రయాణం ఆత్రంలో ఒకటి మర్చిపోయావు. మర్చిపోకపోతే మనిషివెలా అవుతావు?"

"మర్చిపోయానా... ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి మర్చిపోయాను. ఆ మర్చిపోవడమే మంచిదైంది. అమ్మయ్య. ఇలా ఈ స్టూలు జరుపు చిన్నోడా."

"కూర్చో. మంచినీళ్ళు తాగు. ఏడుస్తున్నావా?"

"ఏడవనీ. పదకొండు నెలలు ఏడుపు రాలేదు నాకు. ఏడవడానికి కూడా అర్హత లేదేమోనని భయం. నిచ్చెన తీసింది నేనే అయితే బస్సు అమ్మేద్దామనుకున్నాను. ఆ సీట్లో మళ్ళీ కూర్చోలేను. బస్సు సంగతటుంచు, బతకడానికే ఒప్పదు నా మనసు. ఈ మాట అమ్మాయితో కూడా అనలేదు."

"అలాంటి మాటలు మాట్లాడకు."

"ఇంక మాట్లాడను. చిన్నోడా, నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను. నీ లాకు ఊడి ఆయన పోయాడు. అది మింగుడు పడటానికి టైం పడుతుంది."

"పట్టనీ."

"కావాలని చేశావా ఏమన్నా? నిన్ను ఎత్తుకుని తిప్పాడు మీ అన్నయ్య. నా పెళ్ళినాటికి నీకు నిక్కరు కూడా సరిగ్గా నిలిచేది కాదు. ఎప్పుడో ఒకనాటికి పోతుందిలే కోపం."

"నీ ఇష్టం వదినా. ఎప్పటికి పోతే అప్పటికే."

"ఓహో! అక్కగారా? ఈ దారి ఇంకా గుర్తుందన్నమాట మీకు!"

"రామ్మా, రా. క్యారేజీ తెచ్చావా మీ ఆయనకి?"

"తెచ్చాను. ఇదివరకైతే షాపు పక్కనే ఇల్లు, వేడివేడిగా తినేవారు. ఇప్పుడు చల్లారిన కూడు, పరాయి కొలువు. ఊళ్ళో సగం గేట్లు ఈయన చేసినవే అక్కా. ఇప్పుడు కిటికీ ఊచ వదులైతే కూడా ఈయన్ని పిలిచేవాడు లేడు. మీ నోటి చలవ."

"నువ్వు ఊరుకో."

"మీరు ఊరుకున్నారు కదా, ఇంట్లో ఒకళ్ళు చాలు. అక్కా, తప్పయితే అయింది. తప్పేనని ఒప్పుకున్న మనిషిని నలుగురిలో నిలబెట్టి అంత మాట అంటారా? పుండు మీద కారం చల్లినట్టు!"

"అన్నాను అమ్మాయ్. కడుపు మండి అన్నాను. ఇవాళ ఆ మాట వెనక్కి తీసుకోవడానికి రాలేదు. వచ్చిన పని వేరే. అది అయింది."

"ఏం పని?"

"నిచ్చెన కొనడానికొచ్చింది వదిన. నువ్వా క్యారేజీ అక్కడ పెట్టు. వదినా, ఇంతకీ ఏది తీసుకుంటావు?"

"నువ్వే చెప్పు. నీకు ఏది నచ్చితే అది."

"గొట్టాలదే తీసుకో. ఇసక సంగతి నేను చెప్తాను. మూసే ముందు తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడువు, అంతే. ఒక్కో మెట్టూ లాగినప్పుడు రెండు పక్కలా ఈ ఎర్ర బొత్తాలు బయటికొచ్చాయో లేదో చూసుకో. వచ్చాకే కాలు పెట్టు. నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు లెక్కన కింద దూరం ఉండాలి. మరీ నిటారుగా పెట్టకు. మంచం కింద గుడ్డసంచిలో పెట్టుకుంటే చప్పుడు చెయ్యదు. ఆ పాత కొక్కేలు రేపొచ్చి నేను పీకేస్తాను."

"సరే, పీకెయ్."

"ఇంకోటి. పైకెక్కేవాళ్ళు బండి తాళంచెవి జేబులో వేసుకునే ఎక్కాలి. ఇది ఎనిమిదికి ముందు చేర్చుకో. తాళంచెవి కనపడకపోతే మనిషి పైనున్నట్టు లెక్క. అప్పుడు ఎవరూ ఏదీ..."

"ఎవరూ ఏదీ ఏంటి?"

"ఏం లేదు. ఎవరూ బండి కదల్చరు అంటున్నా."

"పిచ్చోడా, ఎవరు కదులుస్తారు? ఎక్కేదీ నేనే, దిగేదీ నేనే. కింద ఎవరున్నారు నాకు?"

"అయినా సరే, జేబులో వేసుకో."

"నీ కళ్ళెందుకు అలా అయిపోయాయి? సరే, వేసుకుంటాలే జేబులో. పెద్దమనిషి చెప్పాడు కాబట్టి. అమ్మాయ్, నేను వెళ్తున్నాను. సోమవారం ఆయనకి ఇవ్వనని చెప్పేస్తాను. నెలాఖరుకి బయల్దేరతాను."

"ఒంటరిగానా అక్కా?"

"ఒంటరిగానే. బస్సు నిండా పిల్లలతో తిరిగాను ఇన్నాళ్ళూ, ఖాళీ బస్సు నడపడం కూడా నేర్చుకోవాలి కదా. చిన్నోడా, బయట ఆటో ఉంది. దాంట్లో పెట్టించు నిచ్చెన."

"నేనే తెస్తాను, పద."

"వద్దు, తేలిగ్గానే ఉంది. నేను పట్టుకుంటాను. నువ్వు తిను, చల్లారిపోతోంది."

"మెల్లిగా వెళ్ళు వదినా."

"వెళ్ళొస్తా."

"వెళ్ళిందా? చూశారా ఆమె మొహం! వచ్చేటప్పుడు ఎలా ఉందో తెలీదు గానీ, వెళ్ళేటప్పుడు పదేళ్ళు తగ్గినట్టుంది. మీకేమో పదేళ్ళు పెరిగినట్టుంది. ఏమడిగింది?"

"ఏం లేదు. అన్నం పెట్టు."

"పెట్టను. ముందు నాకో మాట చెప్పండి. పదకొండు నెలల నుంచి అడుగుతున్నాను, దులిపేసుకుంటున్నారు. ఆ నిచ్చెన చేసిన రోజు నన్నూ, షాపులో పనివాళ్ళిద్దర్నీ కలిపి దాని మీద ఎక్కించి ఊపారు. ముగ్గురం ఎక్కి గెంతితే కిర్రుమనలేదు ఆ లాకు. ఒక్క మనిషికి ఊడిందా?"

"ఊడింది."

"మీ పని నాకు తెలీదా? చీపురు పుల్లకి పిడి వెయ్యమన్నా రెండుసార్లు కొలిచే మనిషి మీరు! నిజం చెప్పండి, లాకు ఊడిందా?"

"నెమ్మదిగా మాట్లాడు. గిరాకీ వస్తుంది."

"రానివ్వండి! ఊడిందా?"

"లేదు."

"మరి?"

"నిచ్చెన బయట లేదు. నేను గ్రైండరు ఆపి పరిగెత్తుకెళ్ళేసరికి బస్సు లోపల ఉంది. కొక్కేలకి తగిలించి, పట్టీ బిగించి ఉంది. బయటికి తెచ్చి అన్నయ్య పక్కన పడేసింది నేను. లాకు నేనే విప్పాను."

"దేవుడా! అంటే ఆమె... ఆమె చేసిన పనికి మన బతుకు బుగ్గి చేశారా? మీ పేరు, షాపు, అన్నీ? ఆమె వచ్చి మీ మీదింకా కోపం పోలేదని చెప్పి, నిచ్చెన కొనుక్కుని దర్జాగా పోయింది! మీరు గుమ్మం దాకా వెళ్ళి సాగనంపారు!"

"అరవకు."

"అరుస్తాను. ఆటో ఇంకా మలుపు తిరగలేదు. పోయి చెప్పేస్తాను. లోకమంతా నా మొగుణ్ణి హంతకుడన్నట్టు చూస్తోంది. ఈ నింద మోయడానికి మనకేం ఖర్మ? నా చెయ్యి వదలండి!"

"వదలను. విను. అన్నయ్య అప్పటికే పోయాడని చెప్పాను కదా అందరికీ. పోలేదు. వదిన రోడ్డు మీదికి పరిగెత్తినప్పుడు ఇంకా ఊపిరుంది. నా చొక్కా పట్టుకుని, ‘ఆవిడ తిరిగొచ్చేలోగా నిచ్చెన బయట పడెయ్యరా’ అన్నాడు."